మూడుసార్లు చెప్పించిన మాట

ముట్టడి నాటికి ఎలాసా మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఉండవలసింది ఆరేళ్ళు. అప్పు కింద వచ్చిన సాటి ఇశ్రాయేలీయుణ్ణి ఏడో ఏట వదిలిపెట్టాలని, వట్టి చేతులతో కాక మందలోంచీ కళ్ళంలోంచీ ఇంత ఇచ్చి పంపాలని నాకు తెలియక కాదు. పండగల్లో మందిరం సేవకులైన లేవీయులు ఆ మాటలు చదువుతుంటే అందరితో పాటు నిలబడి విన్నవాణ్ణే. ఏడో ఏడు వచ్చేసరికి దుకాణంలో చేతినిండా పని. ఎనిమిదో ఏట పని లేదు, ఇచ్చి పంపడానికి ఇంట్లో ఏమీ లేదు. తొమ్మిదో ఏట చలికాలంలో బబులోను నుంచి కల్దీయుల సైన్యం వచ్చి యెరూషలేము చుట్టూ గుడారాలు వేసింది. ఇక వదిలినా అతను వెళ్ళే దారి లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మాది తోలు పని. చెప్పులు, నడికట్లు, నీళ్ళ తిత్తులు. నేనూ ఎలాసా ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని కుట్టేవాళ్ళం. నాకన్నా ఏడాది చిన్నవాడు. వాళ్ళ నాన్న తెకోవలో గొర్రెలు కాసేవాడు. వానలు లేని ఏడు మా నాన్న దగ్గర గింజలు తీసుకుని, తీర్చలేక కొడుకుని పంపాడు. తర్వాత ఇద్దరు నాన్నలూ పోయారు. మేము మిగిలాం.

"మా ఊళ్ళో నాకు బోలెడు ఆస్తి ఉంది అయ్యగారూ," అనేవాడు కుడుతూనే. "ఒక అమ్మ, రెండు మేకలు. మేకలు ఈపాటికి పోయుంటాయి."

"మరి అమ్మ?"

"ఆవిడ గట్టిది. అప్పులవాళ్ళనే తట్టుకుంది."

ఆ అప్పులవాళ్ళం మేమే. నేను నవ్వేవాణ్ణి. అతనూ నవ్వేవాడు.

ముట్టడి మొదలై రెండు నెలలు దాటేసరికి పిండి కోసం జాడీలో చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్ళేది. ఒకరోజు నా భార్య యెదీదా వీధి కబురు తెచ్చింది.

"రాజుగారు చాటింపు వేయించారు, విన్నారా? హెబ్రీ దాసుల్ని అందరినీ వదిలేయాలట. అలా చేస్తే దేవుడు కనికరిస్తాడట."

"విన్నాను. చేయాల్సిందే. మూడేళ్ళ కిందటే చేయాల్సింది."

"మంచిదే. నలుగురి రొట్టె ముగ్గురికి వస్తుంది."

గోడ వారగా ఉన్ని వడుకుతున్న మా అమ్మ తలెత్తింది. "దేవుడికిచ్చేది దేవుడికని ఇవ్వవే. జాడీలోకి చూస్తూ ఇవ్వకు."

"జాడీలోకి నేను కాక ఎవరు చూస్తారు అత్తయ్యా, మీరా?"

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నాలో ఆ రెండూ ఉన్నాయి, ఏది ముందు వచ్చిందో విడదీసి చూసుకోలేదు.

మూడోనాడు మందిరం ఆవరణలో ఒక దూడని నిలువునా రెండుగా కోసి, ముక్కలు అటొకటి ఇటొకటి పడేశారు. దాసులున్న ఇంటి యజమానులందరం ఆ ముక్కల మధ్యగా నడవాలి. మాట తప్పితే నాకూ ఈ దూడ గతే పట్టాలని దాని అర్థం. నోటితో చెప్పనక్కరలేదు, నడిస్తే చెప్పినట్టే. ముందు అధిపతులు, తర్వాత యాజకులు, వర్తకులు, చివర మాలాంటి పనివాళ్ళు. మంచి దూడ. మచ్చ లేని తోలు నడిమికి చీలిపోయి దేనికీ పనికిరాకుండా పోయింది. ఆ సమయంలో నాకు వచ్చిన ఆలోచన అదే. దేవుడి ఎదుట దాచడం దేనికి?

నా వెనకాల మా వీధి నూనె వర్తకుడు రెఫాయా అంగీ అంచు పైకి పట్టుకుని వస్తున్నాడు. "తొందరగా నడవవయ్యా పెలట్యా. కాళ్ళకి చెప్పుల్లేవు, కింద అంతా జిగటగా ఉంది."

ఇంటికొచ్చి ఎలాసాకి సంగతి చెప్పాను. తోలు కుట్టే ఆరె ఒకటి, రెండు మేకతోళ్ళు, ఆ పూట రొట్టె చేతిలో పెట్టాను. అతను వాటిని తిప్పి చూశాడు.

"మంద ఇదేనా? కళ్ళం కూడా ఇదేనా?"

"ఇంతకన్నా లేదు."

"సరే, పెలట్యా," అన్నాడు.

తొమ్మిదేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నాకు కొంచెం సంతోషం, కొంచెం కోపం వచ్చాయి.

ప్రాకారం పక్కన మెట్ల కింద చోటు చూసుకున్నాడు. కాపలా సైనికుల చెప్పులు బాగుచేసి, పిడికెడు యవలు తీసుకునేవాడు. ఒక విశ్రాంతి దినాన నేను మందిరం నుంచి వస్తుంటే ఎండలోకి కాళ్ళు చాపుకుని పడుకుని కనిపించాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏమీ చేయట్లేదు. తొమ్మిదేళ్ళూ మీ ఇంట్లో విశ్రాంతి దినం పాటించాను, మీరు పాటిస్తున్నారు కాబట్టి. ఇది మాత్రం నాది. తేడా ఉంది."

"ఏం తేడా?"

"నీకు చెప్తే అర్థం కాదులే. నీది ఎప్పుడూ నీదే కదా."

చిక్కిపోయి ఉన్నాడు. మా ఇంట్లో ఉన్నప్పటికన్నా తక్కువే తింటున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా అంత తీరుబడిగా పడుకున్న మనిషిని ఆ చలికాలంలో యెరూషలేములో మరొకర్ని చూడలేదు.

బాదం పూలు రాలిపోయాక ఒకరోజు తెల్లారేసరికి బయట గుడారాలు లేవు. ఐగుప్తు రాజు సైన్యంతో వస్తున్నాడని, అతన్ని ఎదుర్కోవడానికి కల్దీయులు దక్షిణానికి పోయారని కబురు. ద్వారాలు తెరిచారు. ఆడవాళ్ళు ఆకుకూర కోసం పొలాలకి పరిగెత్తారు. మందిరంలో స్తుతులు. దూడ పని చేసిందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఆ మధ్యాహ్నమే కోట నుంచి మనిషి వచ్చి రెండొందల నీళ్ళ తిత్తులు కావాలన్నాడు. అతని వెనకే ఎలాసా చిన్న మూటతో వచ్చాడు.

"రేపు పొద్దున బయల్దేరుతున్నాను. చెప్పి పోదామని."

మూట విప్పి ఆడవాళ్ళ చెప్పుల జత ఒకటి చూపించాడు. నేనిచ్చిన తోలే. "అమ్మకి. కాలి కొలత గుర్తులేదు, పెద్దవిగానే కుట్టాను. వదులైతే గడ్డి కుక్కుకోవచ్చు."

"రెండు రోజులు ఆగు ఎలాసా," అన్నాను. "కోటవాళ్ళు రెండొందల తిత్తులు అడిగారు. మూతి దగ్గర కుట్టు నీకొచ్చినట్టు నాకు రాదు. నీళ్ళు కారితే తన్నులు తింటాను. కూలి ఇస్తాను. ఈసారి నిజం కూలి."

అతను వీధిలోకి చూశాడు. చేపల ద్వారం వైపు జనం పోతున్నారు.

"తొమ్మిదేళ్ళు ఆగింది అమ్మ," అన్నాడు. "రెండు రోజులేగా." మూట మేకుకి తగిలించి తన పాత చోట కూర్చున్నాడు.

నేను మోసం తలపెట్టి ఆగమనలేదు. ఇప్పుడు చెరలో, ఈ బబులోను కాలువ గట్టు మీద ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నా అక్కడికే వస్తాను. అడిగినప్పుడు నా మనసులో తిత్తులు తప్ప ఏమీ లేవు. అది నాకు అనుకూలంగా చెప్పవలసిన మాటో, నా మీద చెప్పవలసిన మాటో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండోరోజు పొద్దున్న రెఫాయా తను వదిలేసిన ముగ్గురినీ తాడు కట్టి తోలుకొచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"నీవాడు లోపలే ఉన్నాడా? తెలివైనవాడివి. ఆశ పెట్టి కూర్చోబెట్టావు."

"కూలికి చేస్తున్నాడన్నా. రేపు వెళ్ళిపోతాడు."

"ఎందుకు పోనివ్వడం?"

"ప్రమాణం చేశాం కదా."

"ముట్టడి ఉంటే చేశాం. ముట్టడి పోయింది."

"ప్రమాణంలో ముట్టడి మాట లేదన్నా."

"దూడ ఊసు ఇప్పుడెవరూ ఎత్తట్లేదు. అధిపతులే తెచ్చుకుంటున్నారు, వాళ్ళకి లేని భయం చెప్పులు కుట్టేవాడికి దేనికి? నీకు వద్దంటే చెప్పు. పనిమంతుడు, నేనే పట్టుకుపోతాను."

వేళాకోళం కాదు. అతని మనుషులు అప్పటికే మెట్ల కింద, బావుల దగ్గర వెతుకుతున్నారు. తప్పించుకున్న వాడు ఎవరికి దొరికితే వాడి సొత్తు.

నేను మందిరానికి వెళ్ళి ఎరిగున్న లేవీయుణ్ణి అడిగాను. వదిలినవాడు తనంతట తానే యజమానిని ప్రేమిస్తున్నానని, పోనని చెప్తే ఏమిటని. శాస్త్రంలో ఆ వీలు ఉంది. అలా చెప్పినవాణ్ణి గుమ్మానికి ఆనించి చెవి కుడతారు. అతను ఆ ఇంటి మనిషే అవుతాడు.

"తనంతట తాను అంటే తప్పు లేదు," అన్నాడు లేవీయుడు. "అన్నాడో అనిపించారో అది ఆ ఇంటివాడూ దేవుడూ చూసుకోవాలి."

నేను మొదటి సగం పట్టుకుని ఇంటికొచ్చాను.

ఎలాసా తిత్తి మూతి కుడుతున్నాడు. వీధిలో సంగతి అతనికి తెలిసిపోయింది. రెఫాయా తాడు కట్టి తెచ్చినవాళ్ళలో ఒకడు అతనితో మెట్ల కింద ఉన్నవాడే.

"యజమానిని విడిచి పోనన్న ఆ మాట చెప్పు," అన్నాను. "పెద్దల ముందు. అప్పుడు నిన్నెవరూ ముట్టుకోరు. రెఫాయా ఇంట్లో గానుగకి కడతాడు నిన్ను. ఇక్కడైతే నీకు తెలిసిన ఇల్లు."

"రెండు రోజులు ఆగమన్నది నువ్వే."

"అవును."

"ఆగకపోతే ఈపాటికి తెకోవలో ఉండేవాణ్ణి."

"అవును. ఇలా అవుతుందని నాకు తెలియదు."

"తెలియదనే అనుకుంటున్నాను." ఆరె పక్కన పెట్టాడు. "అయితే ఇంకో దారి ఉంది. నాతో ద్వారం దాకా రా. తోళ్ళ కోసం ఊళ్ళమీదికి పంపుతున్నానని కాపలావాళ్ళకి చెప్పు. నీతో ఉంటే రెఫాయా మనుషులు రారు. అంతే, ఇంకేమీ అడగను. ఎంతోసేపు పట్టదు."

గది నిండా తడి తోళ్ళు వేలాడుతున్నాయి. నేను వాటిని చూశాను.

"తిత్తులు సగమే అయ్యాయి," అన్నాను.

అతను ఆరె తీసుకుని కుట్టు ఎక్కడ ఆపాడో అక్కడ మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న పెద్దలు ముగ్గురు మా గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ళలో ముసలి బెనాయాకి చెముడు. సాక్షిగా రెఫాయా కూడా వచ్చాడు. అంతకుముందే ఎలాసా రోజూ నూరినట్టే ఆరెని రాయి మీద నూరి పెట్టాడు. "మొద్దుగా ఉంటే నాకే కదా నొప్పి," అన్నాడు.

"చెప్పవలసింది చెప్పు," అన్నాడు బెనాయా.

"నా యజమాని అంటే నాకు ప్రేమ. విడుదలై పోవడం నాకు ఇష్టం లేదు."

"వినపడలేదు."

మళ్ళీ చెప్పాడు. రెఫాయా గడ్డం చాటున నవ్వాడు. బెనాయా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పు నాయనా. నేను వినకుండా విన్నానని ఎలా చెప్పను?"

మూడోసారి ఎలాసా ఎంత గట్టిగా చెప్పాడంటే, వీధి చివర నీళ్ళు మోస్తున్న ఆడవాళ్ళు కుండలు దించి చూశారు. బెనాయా తల ఊపాడు. ఎలాసా తనే వచ్చి కుడి చెవి ద్వారబంధానికి ఆనించాడు. నేను ఆరె పెట్టి కొట్టాను. చెవి పలచన, ఆరె కొయ్యలో దిగబడింది. లాగడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

అమ్మ లోపల గోడకేసి తిరిగి కూర్చుంది. పెద్దలు వెళ్ళాక, "శాస్త్రప్రకారమే జరిగిందమ్మా," అన్నాను.

"నేనేమన్నా అన్నానా? దూడ మధ్య నడిచిన కాళ్ళు నీవి. నావి ఇక్కడే ఉన్నాయి."

ఆ నెలలోనే పస్కా పండగ వచ్చింది. బయటినుంచి గొర్రెపిల్ల, దాస్యపు చేదుకి గుర్తుగా తినే చేదాకులు దొరికాయి. ఇంటి దాసుడు కూడా పంక్తిలో కూర్చుని తినాలి, అది కూడా శాస్త్రమే. మా పూర్వీకులు ఐగుప్తులో ఫరోకి దాసులుగా ఉన్న సంగతి, దేవుడు బలమైన చేతితో బయటికి తెచ్చిన సంగతి ఇంటి పెద్దగా నేనే చెప్పాలి. చెప్పాను. కుట్టిన చెవి చీముపట్టి మూసుకుపోయి ఉంటే, ఎలాసా రెండో చెవి నావైపు తిప్పి శ్రద్ధగా విన్నాడు.

"చేదాకులు నాకు ఇంకాస్త వేయండి అమ్మగారూ," అన్నాడు యెదీదాతో. "నోటికి పట్టాయి."

ఎవరం నవ్వలేదు. ఇంట్లో అతనన్న చివరి హాస్యం అదే. నేను కథ చివరిదాకా, ఎర్ర సముద్రం దాటేదాకా, చెప్పాను. ఎక్కడా గొంతు తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

రెండొందల తిత్తులూ అయ్యాయి. ఒక్కటి కూడా కారలేదు. నన్ను మళ్ళీ అయ్యగారూ అనేవాడు. అడిగితేనే మాట్లాడేవాడు. ఒకసారి తెకోవ వెళ్ళి అమ్మని చూసి రమ్మన్నాను. "కుట్టిన చెవి చూపించడానికా?" అన్నాడు. మూట మేకుకే ఉంది.

దాసులకి ఇచ్చిన విడుదలని వెనక్కి తీసుకున్నందుకు దేవుడు మనకి వేరే రకం విడుదల ఇస్తాడని అనాతోతు ఊరి ప్రవక్త అంటున్నాడని బజారులో చెప్పుకున్నారు. ఏ రకమని అడిగితే, చెప్పినవాడు గొంతు తగ్గించి "కత్తికీ, కరువుకీ," అని పక్కకి వెళ్ళిపోయాడు.

గోధుమ కోతలు సగంలో ఉండగా ఐగుప్తువాళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోయారు. దక్షిణాన కల్దీయుల దుమ్ము లేచింది. ద్వారాలు మూసేశారు. నాలుగోరోజు రాత్రి యెదీదా పిండి కొలిచి, "నలుగురం," అని మాత్రం అంది.

నాకు నిద్ర పట్టలేదు. పడుకుని ప్రార్థన చేద్దామంటే దూడ గుర్తొచ్చింది. తెల్లారాక బల్ల దగ్గర ఎలాసా ఎదురుగా కూర్చున్నాను.

"నేను తప్పు చేశాను ఎలాసా. నువ్వు వెళ్ళు. పెద్దల్ని పిలిచి వదిలేశానని చెప్తాను."

అతను కుట్టడం ఆపలేదు. "ఎక్కడికి వెళ్ళమంటారు అయ్యగారూ?"

"నీ ఇష్టం. నువ్వు స్వతంత్రుడివి."

"ద్వారాలు మూసి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు."

"తెరిచి ఉన్నది రెండు నెలల పైమాట." దారం పంటితో తెంపాడు. "జాడీలో పిండి ఎంతుంది?"

నేను దారం ఉండ అందుకున్నాను.

"అమ్మగారు రాత్రి కొలుస్తుంటే విన్నాను."

"పిండి కోసం కాదు. దేవుడి ఎదుట చెప్తున్నాను, పిండి కోసం కాదు."

"అయ్యుండొచ్చు," అన్నాడు. అందులో ఎగతాళి లేదు. "ఏది దేనికోసం చేస్తున్నారో మీకు తెలుస్తుందా?"

తెలియదు.

"చెవి కుట్టాక ఎన్నాళ్ళుండాలి అయ్యగారూ? శాస్త్రంలో ఏముంది?"

"ఎప్పటికీ."

"మరింకేం. నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నానని వీధి వీధంతా విన్నారు. బెనాయా తాతకి కూడా వినపడింది. ఇప్పుడు నన్ను బయటికి తోస్తే శాస్త్రం తప్పేది మీరు. నేను కాదు."

మధ్యాహ్నం యెదీదా ఒకటే రొట్టె కాల్చి, మా ముగ్గురికని మూడు ముక్కలు చేసింది. ఎలాసా చేతులు కడుక్కుని వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గర విడిగా కూర్చునేవాడు, ఆరోజు మా చాప మీదే కూర్చున్నాడు. చెయ్యి చాపి మొదటి ముక్క తీసుకున్నాడు. యెదీదా నావైపు చూసింది. నేను అమ్మవైపు చూశాను. అమ్మ తన ముక్క విరిచి సగం నా ముందు పెట్టింది.

మర్నాటి నుంచి రొట్టె నాలుగు ముక్కలయింది. మొదటిది అతనే తీసుకునేవాడు. రెండో చలికాలం గడిచేలోపు అమ్మ పోయింది. ఆ తర్వాత కల్దీయులు ప్రాకారం పగలగొట్టిన రోజు దాకా మూడు ముక్కలు చేశాం. అప్పుడు కూడా మొదటిది అతనే తీసుకున్నాడు.